రొవీనాకి కావలసిన నాలుగో సంతకం

మా స్లేట్‌క్రీక్ వాళ్ళని సాయం అడిగితే ప్రాణమైనా ఇస్తారు. సంతకం అడిగితే మాత్రం ప్రాణం పోయినట్టు చూస్తారు. రాత్రంతా మంచు కురిస్తే, పొద్దున మీరు లేచేసరికి ఇంటిముందు దారిలో మంచంతా ఎవరో ట్రాక్టరుతో తోసి పెట్టి ఉంటారు, ఎవరో చెప్పరు. ఇంట్లో ఎవరైనా పోతే గిన్నెలకొద్దీ మాకరోనీ, కోడికూర, ఆపిల్ పైలూ గుమ్మంలోకి వచ్చి కూర్చుంటాయి. ఏ గిన్నె ఎవరిదో కనుక్కుని తిరిగిచ్చేసరికి ఏడుపు కూడా మరిచిపోతాం. అంత మంచివాళ్ళు. కానీ ఓ కాగితం మీద ‘ఈమె మంచిది’ అని రాసి కింద పేరు పెట్టమనండి, అందరికీ ఒకేసారి పాలు పితికే వేళ అవుతుంది.

ఈ సంగతి రొవీనా టీటర్‌కి యాభై దాటేదాకా తెలియలేదు. అంతవరకు ఆమె ఎవరినీ ఏమీ రాసిమ్మని అడగలేదు. ఆమె పుట్టింది ఈ ఊళ్ళోనే, పెళ్ళయింది ఇక్కడే, దవడ విరిగిందీ ఇక్కడే. కౌంటీ, అంటే జిల్లా, నడిపే వృద్ధాశ్రమంలో దుప్పట్లూ పక్కగుడ్డలూ ఉతికే గదిలో చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. తెల్లారకుండా వెళ్తుంది, మధ్యాహ్నం దాటాక ఉబ్బిన చేతులతో, బ్లీచు వాసనతో బయటికి వస్తుంది. మనిషి పొట్టి, మాట తక్కువ. నవ్వితే నోరు ఒక పక్కకి కాస్త వంకర పోతుంది. ఆ వంకర క్లేటన్ పెట్టినది.

క్లేటన్ టీటర్ ఆమె మాజీ మొగుడు. ఆమె దవడ విరగ్గొట్టిన రోజున ఆపడానికి వచ్చిన పోలీసు డెప్యూటీని కూడా కత్తితో పొడిచాడు కాబట్టి జైల్లో చాలా ఏళ్ళు పడ్డాయి. ఒక్క రొవీనా దవడే అయితే ఏడాది తిరక్కుండా వచ్చేసేవాడని ఊళ్ళో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. అతను లోపలికి వెళ్ళాక ఆమె విడాకులు తీసుకుంది. ఇంటిపేరు మాత్రం మార్చుకోలేదు. మార్చుకోవాలంటే మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాలి, అంత ఓపిక ఆమెకి లేదు.

ఈ మార్చిలో, రోడ్లన్నీ బురదై ఊరంతా మేపుల్ చెట్ల పాలు కాచే పాకం ఆవిరిలో ఉన్నప్పుడు, ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. అక్టోబరులో క్లేటన్‌ని శిక్ష పూర్తికాకుండానే పెరోల్ మీద వదులుతున్నారట. ఆమె దగ్గరికి రాకూడదని కోర్టు ఉత్తర్వు కూడా ఉంటుందట. రొవీనా ఆ ఉత్తరం రెండుసార్లు చదివి బ్రెడ్డు డబ్బా కింద పెట్టింది. దగ్గరికి రాకూడదన్న ఉత్తర్వు దవడ విరిగిన రోజున కూడా ఆ వంటింట్లోనే ఉంది, ఫ్రిజ్ తలుపుకి అంటించి. క్లేటన్ దాని ముందే నిలబడి కొట్టాడు.

ఆ వారమే ఆమె పిస్టల్ పర్మిట్‌కి దరఖాస్తు తెచ్చుకుంది. మా ఊళ్ళో పొడుగు తుపాకీ లేని ఇల్లు లేదు, రొవీనా బీరువాలో కూడా వాళ్ళ నాన్న జింకల తుపాకీ ఉంది. కానీ దాన్ని భుజాన వేసుకుని కిరాణా కొట్టుకి, పనికి వెళ్ళలేం కదా. కోటు కింద ఎవరికీ కనబడకుండా పెట్టుకునే చిన్నదానికి జడ్జి ఒప్పుకోవాలి. జడ్జి ఒప్పుకోవాలంటే ముందు నలుగురు ఆమె నడవడిక గురించి ఉత్తరాలు రాయాలి. ఆ నలుగురూ ఈ కౌంటీలో ఉండేవాళ్ళై ఉండాలి, ఆమెని కొన్నేళ్ళుగా ఎరిగినవాళ్ళై ఉండాలి, రక్తసంబంధంగానీ పెళ్ళి సంబంధంగానీ ఉండకూడదు. పైగా ప్రతివాళ్ళూ టౌన్ ఆఫీసుకి స్వయంగా వచ్చి, క్లర్కు థీడా ఎదుట సంతకం చేసి, ఆమె చేత నోటరీ ముద్ర వేయించుకోవాలి. కౌంటీ పోలీసు అధికారి షరీఫ్ ఆఫీసులో ఇంటర్వ్యూ మే నెల మధ్యలో. అప్పటికి నాలుగు ఉత్తరాలూ చేతిలో లేకపోతే మళ్ళీ వంతు వచ్చేది నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ దాటాకే. క్లేటన్ మాత్రం అంతవరకు ఆగడు.

రొవీనాకి తుపాకీ మీద మోజేమీ లేదు. ఆమెకి కావలసింది నిద్ర. అక్టోబరు తరవాత కూడా రాత్రిళ్ళు పడుకోగలిగితే చాలని ఆమె కోరిక. ఇంత చిన్న కోరికకి ఇంతమంది గుమ్మాలు ఎక్కాలని ఆమె అనుకోలేదు.

మొదటి ఉత్తరం తేలిగ్గానే వచ్చింది. ఉతికే గదికి పెద్ద అయిన మావిస్ సంగతంతా వినకుండానే పెన్ను తీసింది. మధ్యాహ్నం విరామంలో శాండ్‌విచ్ ఒక చేత్తో తింటూ రెండో చేత్తో రాసేసింది. రొవీనా ఏనాడూ ఆలస్యంగా రాలేదని, ముసలివాళ్ళ పక్కబట్టల్లో దొరికిన ఉంగరాలూ పళ్ళసెట్లూ ఎవరివి వాళ్ళకి చేర్చేదని రాసింది. రాసి, ఆ క్లేటన్‌గాడు తన కంటపడితే పర్మిట్ లేకుండానే తను చూసుకుంటానంది. మావిస్‌ది ఈ ఊరు కాదు, పక్క ఊరు. అందుకే అంత ధైర్యం అనుకుంది రొవీనా, ఆ తరవాత అలా అనుకున్నందుకు సిగ్గుపడింది.

రెండోది ఎమ్మెట్ వ్రూమన్. పాడి రైతు, డెబ్భై దాటాయి. చిన్నప్పుడు రొవీనా వాళ్ళ పొలంలో ఎండుగడ్డి మోపులు ఎత్తేది. ఆయన జన్మలో ఉత్తరాలు రాసింది ఆవుల్ని అమ్మేటప్పుడే. కాబట్టి అలవాటైన చేత్తో రాశాడు: ‘మంచి స్వభావం. పిలిస్తే వస్తుంది. ఎంత చలిలోనూ పని ఆపదు. తన్నగా నేనెప్పుడూ చూడలేదు.’ థీడా అది చదివి ముద్ర వెయ్యాలా వద్దా అని కాసేపు చూసింది. ఎమ్మెట్ మాత్రం టోపీ చేత్తో పట్టుకుని, ఇంతకంటే మంచి మాట తనకి తెలియదని నిలబడ్డాడు. రొవీనాకి నెల రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళూ వచ్చాయి, అదెందుకో ఎమ్మెట్‌కి అర్థంకాక టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడోది కష్టమైంది. చర్చికి నాలుగేళ్ళ కిందట వచ్చిన పాస్టర్ లినెట్ పట్నంనుంచి వచ్చిన మనిషి, తుపాకులంటే గిట్టదు. చర్చి ముందు గడ్డిలో దాని గురించి బోర్డు కూడా పెట్టించింది, దానికి ఊళ్ళో సగం మంది ఆదివారం రావడం మానేశారు. రొవీనా ఆశ లేకుండానే వెళ్ళింది. పాస్టర్ టీ పెట్టి ఇచ్చి, శాంతి గురించి మాట్లాడింది, ఒహాయోలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోకూడదా అంది. అక్కకి ఒక గదే ఉందని, తనకి ఇల్లూ పనీ ఇక్కడే ఉన్నాయని రొవీనా చెప్పింది. తప్పు చేసింది క్లేటన్ అయితే వెళ్ళిపోవాల్సింది తనెందుకని కూడా అడగాలనుకుంది, అడగలేదు. చివరికి లేస్తూ ఒక్క మాటే అంది.

“అతను వంటింటి తలుపు తోసుకుని వస్తే నన్నేం చెయ్యమంటారో చెప్పండి. మీరు చెప్పినట్టే చేస్తాను.”

ఆ వారమంతా పాస్టర్ కనబడలేదు. తరవాత ఓ రోజు తనే టౌన్ ఆఫీసుకి వచ్చి, థీడా ఎదుట సంతకం చేసి వెళ్ళింది. ఆ ఉత్తరంలో రొవీనా ఓర్పు గురించి పేజీ నిండా ఉంది, తుపాకీ మాట ఎక్కడా లేదు.

అలా మూడు అయ్యాయి. నాలుగోది ఎప్పుడో అయిపోయిందనే రొవీనా అనుకుంది. ఎందుకంటే ఆమె అందరికంటే ముందు అడిగింది ఊళ్ళో మంటలార్పే ఫైర్ కంపెనీ చీఫ్ గోర్డీ లాషర్‌ని, అతను ఫోన్లోనే సరేనన్నాడు. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బస్సులో పెరిగారు. అతని పేరున్న కాగితం షరీఫ్ దగ్గర బాగా చెల్లుతుంది. సరేనన్నవాడు ఏప్రిల్ అంతా దొరకలేదు. ఇంటికెళ్తే అడవికెళ్ళాడన్నారు, కట్టెల కొట్టుకెళ్తే ఇప్పుడే వెళ్ళాడన్నారు. రొవీనా పొద్దుటి పని ముగించుకుని, వాచిన కాళ్ళు బూట్లలో కుక్కుకుని, అతని వెనకాల తిరిగి తిరిగి అలసిపోయింది. ఇంటర్వ్యూ మరో నాలుగైదు రోజులుందనగా, గురువారం సాయంత్రం డ్రిల్లు జరిగే వేళ ఫైర్‌హౌస్‌కే వెళ్ళింది. గోర్డీ ఒంటరిగా నీళ్ళగొట్టం చుడుతున్నాడు.

“చెయ్యనంటే చెయ్యనని చెప్పు గోర్డీ. నీ వెనక తిరగడానికి నాకింక కాళ్ళు లేవు,” అంది.

గోర్డీ గొట్టం వదిలేసి చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“వ్రూమన్ల కొట్టం తగలబడినప్పుడు నన్ను బయటికి ఈడ్చుకొచ్చింది క్లేటనే రొవీనా. కప్పు దిగిపోతుంటే లోపలికొచ్చాడు. ఇంకెవడూ రాలేదు.”

“తెలుసు. ఆ పొగ చొక్కా ఉతికింది నేనే.”

“వాడు నీకు చేసింది తప్పే. కాదని ఎవడన్నా అంటే నేనే తంతాను. కానీ నేనివాళ బతికున్నానంటే వాడి చలవ. వాడి మీద ఎక్కుపెట్టే తుపాకీకి కాగితం కావాలంటే, దాని మీద నా పేరెట్లా పెట్టను చెప్పు?”

ఆ తరవాత వరస పెట్టి సాయాలు చెప్పుకొచ్చాడు. ఆమె ఇంటికి రెండు తలుపులకీ ఇనప గడియలు బిగిస్తాడట. వాకిట్లో మనిషి కదిలితే వెలిగే దీపాలు పెడతాడట. ఆమె ఫోన్ చేస్తే డెప్యూటీ కొండ దిగి వచ్చేలోగా తను వచ్చేస్తాడట. ఇవన్నీ చేస్తాడని కూడా రొవీనాకి తెలుసు. గోర్డీ చెడ్డవాడైతే ఆమెకి తేలికగా ఉండేది, నాలుగు తిట్టి వచ్చేసేది. మంచివాడే వీల్లేదన్నప్పుడు మనిషి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలి? ఆమె గడియలు బిగించమని చెప్పి, థాంక్స్ అని, కారెక్కింది.

మర్నాడు పని నుంచి నేరుగా టౌన్ ఆఫీసుకి వెళ్ళి, ఇంటర్వ్యూ వాయిదా వేయించడానికి వీలుంటుందా అని థీడాని అడిగింది. వీలుండదని థీడా చెప్పింది. ఇంకెవరున్నారని ఇద్దరూ ఆలోచించారు. బడి వంటామె నిరుడే పోయింది. పోస్టాఫీసు ఆయన సంతకాల దగ్గరికి రాడు. పక్కింటివాళ్ళు సెలవులకి మాత్రమే వచ్చే న్యూయార్క్ జనం, వాళ్ళు కౌంటీ కిందికి రారు. పుట్టినప్పటి నుంచి ఉన్న ఊళ్ళో నాలుగో మనిషి లేకపోవడం ఏమిటని రొవీనాకి తనమీద తనకే జాలేసింది. పెళ్ళైన కొత్తల్లో క్లేటన్ ఆమెని ఎవరితోనూ కలవనిచ్చేవాడు కాదు. ఆ తరవాత కలవడం ఆమెకే అలవాటు తప్పిపోయింది.

“ఆల్టా ఉందిగా,” అంది థీడా, ముద్ర డబ్బా మూత పెడుతూ.

ఆల్టా టీటర్ క్లేటన్ తల్లి. రొవీనాకి అత్తగారు.

“ఆవిడ చుట్టం కదా.”

“ఎక్కడి చుట్టం? విడాకులతోనే అది పోయింది. నేను షరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాలే. చట్టం లెక్కలో ఆవిడ నీకు ఎవరూ కాదు.”

చట్టానికేం, అది ఎన్నైనా అంటుంది. విడాకులైనా ప్రతి శనివారం ఆల్టాకి కిరాణా సామాను తెచ్చేది రొవీనాయే. ఆల్టాకి కుడి భుజం పైకి లేవదు, అందుకని వంటింటి సింకు దగ్గర కూర్చోబెట్టి తలంటేదీ రొవీనాయే. పెళ్ళైన నాటి నుంచి ఆవిడని అమ్మా అనే పిలుస్తుంది, ఆవిడ పిల్లా అంటుంది. కోర్టులో కేసు నడిచినన్నాళ్ళూ ఆల్టా వెనక బెంచీ మీద, ఎవరి పక్కా కాకుండా కూర్చుంది. దాని గురించి ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు. క్లేటన్ పేరు ఆ సింకు దగ్గర ఎప్పుడూ రాలేదు.

“ఓ తల్లి దగ్గరికెళ్ళి, నీ కొడుకొస్తే కాల్చడానికి పర్మిట్ కావాలమ్మా, నేను మంచిదాన్నని రాసివ్వు అని అడగమంటావా?” అంది రొవీనా. “సిగ్గులేదా నీకు?”

థీడా సిగ్గుపడినట్టు కనబడలేదు. ఏదో ఫైలు తీసి చూడసాగింది. థీడా నోట్లో నువ్వుగింజ నానదని రొవీనాకి అప్పుడే గుర్తుకు రావలసింది, అలసట వల్ల రాలేదు.

శనివారం పొద్దున రొవీనా మామూలుగానే సామాను పట్టుకుని కొండ దాటి ఆల్టా ఇంటికి వెళ్ళింది. ఎనభై దాటిన మనిషి, చిక్కిపోయి చిన్నపిల్లంత అయింది. కాఫీ తాగారు. ఆల్టా తువ్వాలు మెడకి చుట్టుకుని, కుర్చీ సింకుకి జేరేసి, తల వెనక్కి వాల్చింది. రొవీనా గోరువెచ్చటి నీళ్ళు పోసి, షాంపూ రాసి, నెమ్మదిగా రుద్దుతోంది. ఆ పల్చటి తెల్లజుట్టు కింద మాడు మీద పాత మచ్చ ఒకటి ఉంది. అది పోయిన మామగారు పెట్టినదని రొవీనాకి తెలుసు, ఆల్టా ఎప్పుడూ చెప్పలేదు. అత్తా ఒకింటి కోడలే కదా.

“ఊళ్ళో అందరి గుమ్మాలూ ఎక్కావట,” అంది ఆల్టా కళ్ళు మూసుకునే. “నా గుమ్మం ఒక్కటే కనబడలేదా?”

రొవీనా చేతులు ఆగిపోయాయి. “నిన్నెట్లా అడగనమ్మా?”

“నోటితో.”

రొవీనా మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. ఆల్టా తను కూడా ఒకటి చెప్పాలంది. పోయిన వారం పెరోల్ ఆఫీసు మనిషి వచ్చాడట. క్లేటన్ ఉండటానికి ఒక ఇల్లు చూపించాలన్నాడట. ఆల్టా వెనకగది చూపించింది, సంతకం చేసింది.

ఇంకెక్కడికి వస్తాడు, రొవీనా ఊహించనిది కాదు. అయినా ఆ మాట విన్నాక వంటింటి గోడలు దగ్గరికి జరిగినట్టు అనిపించింది. తను నిలబడిన చోటే అతనూ నిలబడతాడు. ఇదే మగ్గుతో కాఫీ తాగుతాడు.

“నేను కాదంటే రోడ్డున పడతాడు. రోడ్డున పడ్డవాడు ముందు ఎవరింటికొస్తాడో నీకు తెలుసు,” అంది ఆల్టా. “ఇక్కడుంటే ఎక్కడున్నాడో నాకు తెలుస్తూ ఉంటుంది. కొడుకు కూడా కదా పిల్లా. వాణ్ణి కన్నాను.”

“నేనేమన్నానమ్మా?”

“నువ్వేమీ అనవు. అదే నీతో చిక్కు.” ఆల్టా కళ్ళు తెరిచి కిందనుంచి ఆమె మొహంలోకి చూసింది. “నీకూ రాసిస్తాను. కానీ ఒక్క మాట ఇవ్వు. అంతదాకా వస్తే, కాళ్ళ మీద కాల్చు. వాడు కుంటివాడై బతికినా నేను చూసుకుంటాను. కాళ్ళ మీదే కాలుస్తానని చెప్పు.”

రొవీనా ట్యాపు కట్టేసింది. పర్మిట్ కోసం వెళ్ళిన శిక్షణ తరగతిలో ఈ సంగతి మొదటిరోజే తేల్చేశారు. నేర్పినాయన రిటైరైన పోలీసు. కాళ్ళ మీద కాల్చడం సినిమాల్లోనే కుదురుతుందని, పరిగెత్తే కాలికి గుండు తగలదని, తగలకపోతే మీదికి వచ్చేస్తాడని చెప్పాడు. కాగితం బొమ్మకి గుండెల దగ్గరే గీత గీసి ఉంటుంది, అక్కడే కొట్టమన్నాడు. రొవీనా అక్కడే కొట్టింది, బాగానే తగిలింది. ఇంటికొచ్చి బాత్రూంలో వాంతి చేసుకుంది.

సరేనమ్మా అంటే అయిపోతుంది. ఎనభై దాటిన మనిషి, రేపు ఎవరు చూడొచ్చారు. ఉత్తరం వస్తుంది, మంగళవారం ఇంటర్వ్యూ అవుతుంది, అక్టోబరుకి పర్మిట్ చేతికొస్తుంది. లోకంలో ఎంతమంది ఎంత చిన్నచిన్న వాటికి అబద్ధాలాడటం లేదు? కానీ అబద్ధం ఆడటానికి కూడా కాస్త ఓపిక కావాలి. పైగా ఆ తల ఆమె రెండు చేతుల్లో ఉంది, తడిగా, బరువుగా, తనని నమ్మి వాలిపోయి.

“ఇవ్వలేనమ్మా,” అంది. “కాళ్ళ మీద కాలిస్తే ఆగడు. వాడు ఆగడని నాకంటే నీకే బాగా తెలుసు.”

ఆల్టా మళ్ళీ కళ్ళు మూసుకుంది. రొవీనా నురగంతా పోయేదాకా నీళ్ళు పోసింది, తువ్వాలుతో తల తుడిచి భుజాల మీద వేసింది, లేపి టేబులు దగ్గర కూర్చోబెట్టింది. ఉత్తరం పోయిందని ఆమెకి తెలుసు. ఏడవాలని కూడా అనిపించలేదు, కూర్చోవాలని మాత్రం అనిపించింది. కానీ ముందు దువ్వాలి కాబట్టి దువ్వెన తీసింది. చిక్కులు తీస్తుంటే ఆల్టా మాట్లాడింది, గోడవైపు చూస్తూ, గొంతు పెద్దది చెయ్యకుండా.

“వాడు ప్రతి ఉత్తరంలోనూ మాట ఇస్తాడు పిల్లా. మారిపోయానమ్మా అంటాడు. దాని జోలికి వెళ్ళనంటాడు. నిన్ను రాణిలా చూసుకుంటానంటాడు. వాళ్ళ నాన్నా అంతే, కొట్టిన ప్రతిసారీ మాట ఇచ్చేవాడు. మాట ఇవ్వలేనని ఈ ఇంట్లో నాతో అన్నది నువ్వొక్కదానివే.” తువ్వాలు తీసి కుర్చీ మీద వేసింది. “కోటందుకో. థీడా మధ్యాహ్నానికల్లా తాళం వేస్తుంది.”

తల తడిసి ఉంది, చలిగాలి తగులుతుందని రొవీనా అంటే ఆల్టా వినిపించుకోలేదు. తలకి రుమాలు కట్టుకుని కారెక్కింది.

టౌన్ ఆఫీసులో థీడా వాళ్ళిద్దరినీ చూసి, ఎదురుచూస్తున్నట్టు కుర్చీ జరిపింది. ఆల్టా నెమ్మదిగా రాసింది. రాసింది కొంచెమే: ఈమె తనకి ఇరవై ఏళ్ళ పిల్లప్పటి నుంచి తెలుసని, దేనికీ తొందరపడదని, అడిగితే నిజం చెప్తుందని, నిజం తనకి నష్టమైనా చెప్తుందని. దరఖాస్తుదారుతో చుట్టరికం అన్న చోటికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

“ఏమీ లేదని రాయాలి ఆల్టా,” అంది థీడా, ఈసారి నిజంగానే ఇబ్బంది పడుతూ. “లేకపోతే వెనక్కి పంపేస్తారు.”

ఆల్టా ఆ గీత వైపు చూస్తూ కూర్చుంది. రొవీనా కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది, అటు ఏమీ లేదు. చివరికి ఆల్టా ‘ఏమీ లేదు’ అని రాసింది. కింద తన పేరు, టీటర్ అన్న ఇంటిపేరుతో సహా పెట్టింది. థీడా ముద్ర వేసింది.

తిరిగొచ్చేటప్పుడు నాలుగు ఉత్తరాలూ కవర్లో, రొవీనా పక్కన ఉన్నాయి. సంతోషంగా ఉంటుందనుకుంది, ఉండలేదు. ఆల్టా ఇంటి ముందు కారు ఆపి, చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీసి చెయ్యి అందించింది. ఆల్టా దిగింది కానీ చెయ్యి వదల్లేదు.

“వాడొచ్చాక నువ్వీ గుమ్మం ఎక్కడానికి లేదు. తెలుసుగా?”

“తెలుసమ్మా.”

“సామాను పంపడాలు, ఎవరితోనో కబుర్లు పెట్టడాలు, అవీ వద్దు. వాణ్ణి నీ దాకా తెచ్చేదేదీ వద్దు.”

రొవీనా తల ఊపింది. తలంటేది ఎవరు, భుజానికి మందు రాసేది ఎవరు అని అడగాలని ఉంది. అడిగితే ఇద్దరూ నిలబడలేరు.

“ఇంకొకటి,” అంది ఆల్టా. “నేనే ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదు, ఒక్కసారి వచ్చి పొమ్మన్నా రాకు. ఏడ్చినా రాకు. పక్కన నిలబడి వాడు చేయిస్తుంటాడు.” రొవీనా వేళ్ళు గట్టిగా పట్టుకుంది. “రానని మాటివ్వు పిల్లా. ఇదైనా ఇవ్వు.”

రొవీనా ఇచ్చింది.